ట్రంపెట్ పెట్టెలో దొరికింది

"నాదే అని నిన్ననే చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పమంటావు?"

ఆయన ఆ ఒక్క మాట అని మళ్ళీ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

బల్ల మధ్యలో ఉంది ఆ వస్తువు. వేలెడంత పొడుగు, ఊదారంగు, నోట్లో పెట్టుకునే చోట చిన్న రంధ్రం. వాసన చూస్తే పుచ్చకాయ. నిన్న సాయంత్రం ట్రంపెట్ తుడిచే గుడ్డ కోసం ఆమె పెట్టె తెరిస్తే, నూనె సీసా పక్కన దాక్కుని కనిపించింది. సిగరెట్టు మానేశానని ఊరంతా చెప్పుకునే మనిషి పెట్టెలో ఆవిరి సిగరెట్టు. వేప్ అంటారట దాన్ని. పేరు కూడా ముద్దుగానే పెట్టారు.

నిన్నటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. పొద్దున బల్ల తుడిచినా ఆమె దాని చుట్టూ తుడిచింది తప్ప ముట్టుకోలేదు.

వీధిలో ఆయన్ని బాకా మాస్టారంటారు. నగర వాద్యబృందంలో ఇరవయ్యేళ్ళుగా ట్రంపెట్ వాయిస్తున్నాడు. ఆమెను పళ్ళావిడ అంటారు. దంతవైద్యశాల వెనక ఉన్న ల్యాబులో కట్టుడుపళ్ళు చేస్తుంది. ఇక మూడో మనిషి, కూతురు, అదే వైద్యశాలలో పళ్ళ డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. ఇంట్లో ఆ పిల్ల పేరు పంతులమ్మ. ఇంట్లో అందరికీ పాఠాలు చెబుతుంది మరి.

ఆ పంతులమ్మ ఇప్పుడు ఫ్రిజ్‌కి ఆనుకుని, సీసాలో నీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ నిలబడి ఉంది. 

ఫ్రిజ్ తలుపు మీద ఆ పిల్ల గీసిన గళ్ళ కాగితమే ఉంది. ఆరు వారాలు, నలభై రెండు గళ్ళు. రోజూ సాయంత్రం "నాన్నా, ఊదు" అని తండ్రి ముఖం దగ్గర ముక్కు పెట్టి, వాసన లేదని తేల్చుకున్నాక ఎర్ర పెన్నుతో టిక్కు కొట్టేది. తాగి బండి నడిపేవాణ్ణి పట్టుకునే పోలీసు కూడా అంత పట్టుదలగా చూడడు. నలభై ఒక్క గళ్ళు నిండాయి. మిగిలింది ఇవాళ్టి గడి ఒక్కటే.

రేపు ఉదయం తొమ్మిదింటికి ఆయనకు ఆపరేషను.

పైవరసలో ముందు పళ్ళు రెండూ నాలుగు నెలలుగా ఊగుతున్నాయి. ట్రంపెట్‌కి ఊపిరి ఎంత ముఖ్యమో ఆ రెండు పళ్ళూ అంతే ముఖ్యం. లోహపు మూతిని పెదవుల మీద నొక్కి ఊదితే ఆ ఒత్తిడంతా కాచుకునేవి అవే. ఇరవై రెండేళ్ళ సిగరెట్లు చిగుళ్ళ కింద ఎముకను తినేశాయని ఆ వైద్యశాల పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. చిగురు విప్పి, లోపల శుభ్రం చేసి, ఎముక పొడి నింపి కుట్టేస్తే పళ్ళు నిలబడే అవకాశం ఉంది. షరతు ఒక్కటే. ముందు ఆరు వారాలు పొగ ముట్టకూడదు, అది సిగరెట్టయినా, ఆవిరయినా సరే. పొగ పీల్చే నోట్లో కుట్టు మానదు. కుట్టు మానకపోతే పళ్ళూ పోతాయి, పళ్ళతోపాటు బృందంలో ఆయన కుర్చీ కూడా పోతుంది.

అంత తెలిసీ ఈ పని చేశాడంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"సిగరెట్టు తాగినన్నాళ్ళూ ఒక్క చుక్క రక్తం రాలేదు మీ చిగుళ్ళకి," అంది. "ఇప్పుడు బ్రష్ చేస్తే వాష్‌బేసిన్ ఎర్రగా అవుతోంది. దిండు గలీబుకి మరకలు. నేను గుడ్డిదాన్నా? ఈ దిక్కుమాలినది పీలుస్తున్నారు కాబట్టే నోరు పుండవుతోంది."

 కూతురు నోట్లో నీళ్ళు అలాగే ఉంచుకుని ఒక్క క్షణం తల్లి వంక చూసింది. ఏదో చెప్పేటట్టే అనిపించింది. కానీ నీళ్ళు మింగి, సీసా మూత బిగించి, బీరువాలో ఏదో వెతికే పని పెట్టుకుంది.

"పంతులమ్మా, నువ్వేమీ అనవేం? నీ టిక్కులన్నీ ఉత్తివే అని తేలింది కదా."

"నాకు లేటవుతోందమ్మా," అంది కూతురు. నిజానికి ఆ పిల్ల డ్యూటీ సాయంత్రం ఆరింటికి.

ఇద్దరూ కలిసి నీళ్ళు నములుతున్నారు. ఆమెకు అబద్ధమంటే మొదటినుంచీ పడదు. చిన్నప్పుడు కూతురు మార్కుల కాగితం దాచినందుకు నాలుగు రోజులు మాట్లాడని తల్లి ఆమె. తాగితే తాగానని మొదటి వారంలోనే చెప్పి ఏడిస్తే ఇద్దరం కలిసి ఏదో ఒక దారి చూసేవాళ్ళం, నలభై రోజులు పిల్ల ముందు ఊది నాటకమాడతారా, అని కడిగిపారేసింది. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడమే ఆమెను ఇంకా రెచ్చగొట్టింది.

"డాక్టరుగారికి నేనే చెబుతాను. ఆపరేషను వద్దంటాను. అబద్ధం మీద కుట్లు వేయించుకుని, రేపు అవి విప్పుకుపోతే ఆయన ముందు ఏ ముఖం పెట్టుకుని తిరగను?"

అప్పుడు మాత్రం ఆయన తలెత్తాడు. ముఖం తెల్లబోయింది. "చెప్పు," అన్నాడు నెమ్మదిగా. "చెప్పాల్సిందే మరి."

ఆమె చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. వద్దని బతిమాలతాడనుకుంది. బతిమాలితే బాగుండునని కూడా అనుకుంది.

* * *

ల్యాబులో పొద్దుటి పని అంతా తప్పులతడకే. ప్లాస్టరు పలచగా కలిపింది. మైనం పళ్ళు అమర్చేటప్పుడు ఎడమది కుడివైపు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ముందు అరలో భర్త పళ్ళ అచ్చు ఉంది, ఆపరేషను కోసం ఆమె చేతులతోనే పోసింది. ఏ పన్ను ఎంత వంకరో, ఏది ఎక్కడ అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. వీధిలో ఎవరైనా నవ్వితే ముఖం కన్నా ముందు పళ్ళు గుర్తుపట్టే మనిషి.

మధ్యాహ్నం డాక్టరుగారు భోజనం ముగించి చేతులు కడుక్కుంటుండగా వెళ్ళి నిలబడింది. ఆయన ఆమెను ఇరవయ్యేళ్ళుగా ఎరుగును. కోపం తక్కువ, పట్టింపు ఎక్కువ. పోయిన నెలలో మేడ మీద వేప్ పీలుస్తూ దొరికిన ఇద్దరు విద్యార్థులని మర్నాడే పంపించేశారు. మానమని రోగికి చెప్పే మనిషి నోటికి ముందు ఆ మాట వర్తించాలన్నారు. వాళ్ళ కన్నవాళ్ళు వచ్చి కాళ్ళావేళ్ళా పడినా కరగలేదు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెట్టెలో దొరికింది, తనదే అన్నారు, ఆపరేషను ఆపేయండి.  చిగుళ్ళ రక్తం సంగతీ చెప్పింది.

డాక్టరుగారు చేతులు తుడుచుకోవడం ఆపేశారు.

"రక్తం ఎప్పటినుంచి?"

"నాలుగు వారాలయింది. రోజూ వస్తోంది. సిగరెట్టు తాగినప్పుడు ఎన్నడూ లేదు."

"అందుకేనమ్మా లేదు," అన్నారాయన. "పొగలో ఉండే నికోటిన్ చిగుళ్ళలో రక్తనాళాలను బిగించేస్తుంది. లోపల ఎముక కరిగిపోతున్నా పైకి ఒక్క చుక్క రానివ్వదు. చూసేవాళ్ళు చిగుళ్ళు గట్టిగా ఉన్నాయనుకుంటారు. మానేశాక ఆ బిగింపు వదులుతుంది, అప్పుడు అసలు జబ్బు బయటపడి రక్తం వస్తుంది. వేప్‌లో ఉన్నదీ నికోటినే. మీ ఆయన అది రోజూ పీలుస్తూ ఉంటే ఇలా రక్తం రావడం కష్టం."



ఇరవయ్యేళ్ళుగా పళ్ళతోనే బతుకుతోంది. కానీ ఆమె చేతికొచ్చేవన్నీ ప్లాస్టరు నోళ్ళు. వాటికి రంగు ఉండదు, రక్తం ఉండదు. పన్ను తప్ప చిగురు ఏనాడూ చూడని మనిషి, చూసిన ఒక్కసారీ తలకిందులుగా చదివింది. మొగుడు బాగుపడుతున్న గుర్తు పట్టుకుని మొగుణ్ణి దొంగని చేసింది.

డాక్టరుగారు ఇంకా చెబుతున్నారు. ఇదొక్కటే చూసి తాను ప్రమాణం చెయ్యలేనన్నారు. ఒకవేళ ఆయన నిజంగా పీలుస్తూ ఉంటే కత్తి పెట్టనని, అది మాత్రం ఖాయమని అన్నారు. రేపటి సమయం కోసం ఇంకొక రోగి ఎదురు చూస్తున్నాడు. అయిదింటికి ఫోన్ చేస్తాను, అది ఎవరిదో తేల్చి చెప్పండి అని ముగించారు.

"తనది కాకపోతే తనదని ఎందుకన్నాడో కూడా కనుక్కోండమ్మా."

* * *

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. ఆయన ముందు గదిలో కూర్చుని ట్రంపెట్ తుడుస్తున్నాడు. వాయించి నెల దాటింది, అయినా రోజూ తుడుస్తాడు. కూతురు డ్యూటీకి తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. నీళ్ళ సీసా పక్కనే ఉంది.

ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"మీరు పీల్చలేదు," అంది. "మీ చిగుళ్ళే చెప్పాయి."

ఆయన గుడ్డ ఆపాడు. ఆమె డాక్టరుగారు చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రక్తం రావడం మంచి గుర్తని తనకు తెలియదని, పొద్దున నోటికొచ్చినట్టు మాట్లాడినందుకు సిగ్గుగా ఉందని కూడా అంది. ఆమె అలాంటి మాట అనడం ఆ ఇంట్లో చాలా అరుదు.

ఆయన వినిపించుకోనట్టే ఉన్నాడు. "అది నాదే," అన్నాడు. "అప్పుడప్పుడు పీల్చాను. అందుకే రక్తం వస్తోంది."

"అప్పుడప్పుడా? ఎక్కడ కొన్నారు? దాన్ని ఎలా వెలిగిస్తారో చూపించండి."

బల్ల మీది వస్తువు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అడుగున నొక్కడానికి మీట ఏదైనా ఉందేమోనని వేలితో తడిమాడు. అది నోట్లో పెట్టి పీలిస్తే చాలు, దానంతట అదే వెలుగుతుంది. ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు. తెలిసిన మనిషి ఆ గదిలో ఒకే ఒక్కరు ఉన్నారు. ఇస్త్రీ పెట్టె కోటు మీద అలాగే ఆగిపోయి, గుడ్డ మాడుతున్న వాసన వచ్చింది.

ఆమె తిరిగి చూసింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నెలల తరబడి కూతురు చేతిలో ఆ నీళ్ళ సీసా, ఎన్ని తాగినా నోరెండిపోతోందనడం. ఎప్పుడూ బుగ్గన ఒక పిప్పరమెంటు బిళ్ళ. కారం తగిలితే కళ్ళ నీళ్ళు పెట్టుకుని, నాలుక కొరుక్కున్నానని చెప్పడం. తండ్రి రక్తం మంచిదే అని చెప్పగలిగి ఉండీ, పొద్దున నోట్లో నీళ్ళు పోసుకుని ఊరుకోవడం.

"ఇలా రావే," అంది.

"అమ్మా..."

"ఇలా రా. నోరు తెరువు."

"దాన్ని వదిలెయ్," అన్నాడు ఆయన లేచి. "చెప్పాను కదా నాదని." గొంతు మారిపోయింది. ఆయన ఆమె మీద గొంతు పెంచిన మనిషి కాడు.

 కూతురు తండ్రి వైపు చూడకుండా ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టింది.

"నాన్నది కాదమ్మా," అంది. "పరీక్షలప్పుడు మొదలుపెట్టాను. సిగరెట్టు కాదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అందరికీ చెప్పే పాఠం నాకు పనికిరాలేదు. పది రోజుల కిందట నాన్నకి బాల్కనీలో దొరికిపోయాను."

మిగతాది ఆయన చెప్పాడు, నేల చూస్తూ. పారేస్తే ఇంకోటి కొంటుందని పారెయ్యలేదట. నా దగ్గరే ఉంటుంది, కావాలనిపిస్తే వచ్చి నన్ను అడుగు అన్నాడట. అడగడానికి సిగ్గుపడి మానేస్తుందని ఆయన లెక్క. పిల్ల నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆయన ఇవ్వలేదు. వీధి చివరిదాకా నడిపించి, ఆ తహతహ తగ్గేదాకా పక్కనే తిరిగి, ఇంటికి తీసుకొచ్చాడు. తనకీ అదే తహతహ, తనకీ అదే నడక. కూతురు తండ్రి చేత ఊదించి టిక్కులు పెడుతుంటే తండ్రి కూతుర్ని నడిపిస్తున్నాడన్నమాట. ఆ నడకలకి వాళ్ళిద్దరూ ఆమెను పిలవలేదు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. "నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కూతురి వైపు ఒకసారి చూశాడు. "నీకు తెలిస్తే డాక్టరుగారికి తెలుస్తుంది. నీకు అబద్ధం చేతకాదు. ఆ ఇద్దరు పిల్లల్ని ఆయనేం చేశారో చూశాం. ఆఖరి ఏడాది. ఆయన సంతకం లేకపోతే దీని చదువంతా గంగపాలు. నాకు పళ్ళు పోతే కట్టుడుపళ్ళు చేసిపెట్టడానికి నువ్వున్నావు."

కట్టుడుపళ్ళతో ట్రంపెట్ వాయించలేడని ఆ ముగ్గురికీ తెలుసు.

ఆమె కూతురి గడ్డం పట్టుకుంది. ఈసారి అరవలేదు. "తెరువు తల్లీ," అంది. పిల్ల కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. ఆమె ఫోన్ లైటు వేసి, చూపుడు వేలితో కింది పెదవిని మెల్లగా కిందికి లాగింది.

లోపల, చిగురు మొదట్లో, గోరంత తెల్లమచ్చ. వేలితో తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది.

"తుడిస్తే పోదమ్మా," అంది కూతురు, పెదవి తల్లి వేలికే ఉండగా. "మూడు వారాలుగా చూసుకుంటున్నాను. ఏమీ కాకపోవచ్చు. కానీ ముక్క తీసి పరీక్షకి పంపితే తప్ప తెలియదు."

ఆయన ట్రంపెట్ కుర్చీలో పెట్టి దగ్గరికి వచ్చాడు. ఆయనకీ ఇది కొత్తే. ఆ మచ్చ చూసి, ఏమీ అర్థం కాక, భార్య ముఖం చూశాడు. భార్య ముఖంలో కనిపించింది మాత్రం బాగా అర్థమైంది.

అప్పుడే ఫోన్ మోగింది. అది ఆమె చేతిలోనే ఉంది, లైటు ఇంకా వెలుగుతోంది. అయిదయింది. డాక్టరుగారు.

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"తేలిందా అమ్మా? అది ఎవరిది?"

ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని, నాదని చెప్పు అని సైగ చేశాడు. కూతురు ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. ఒకరి మాట చెబితే రేపు ఆపరేషను లేదు. ఇంకొకరి మాట చెబితే ఆ తెల్లకోటు ఇక వేసుకునే పని లేదు. ఆమెకు ఇద్దరి మీదా కోపమే. ఇద్దరూ కావాలి.

"నాది," అంది ఆమె.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"నాదేనండీ. ఆయన పెట్టెలో దాచాను, ఆయన నన్ను వెనకేసుకొచ్చారు. ఆయన నోట్లో పొగ లేదు. రేపు ఆపరేషను చెయ్యండి."

"మీరా," అన్నారు డాక్టరుగారు. నమ్మారో లేదో ఆ గొంతులో తెలియలేదు. "సరే. ఆపరేషను ఉంటుంది. కానీ ఇరవయ్యేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి నోరు నేను ఒక్కసారైనా చూడలేదు, అది నా తప్పు. ఇవాళ సాయంత్రమే రండి. డ్యూటీలో మీ అమ్మాయే ఉంటుంది. తనే చూసి, చిగుళ్ళ వివరం అంతా రాసి, సంతకం పెట్టి నాకు ఇస్తుంది. పక్కనే నేనూ ఉంటాను."

ఫోన్ పెట్టేశారు.

ఆ మాటలు ముగ్గురికీ వినపడ్డాయి. ఆయన కుర్చీలో ట్రంపెట్ ఉందన్న సంగతి మరిచిపోయి కూర్చోబోయి, మళ్ళీ లేచాడు. కూతురు కోటు తీసుకుని చేతులు దూర్చబోయింది. చేతికి దారి దొరకలేదు. తల్లే పట్టుకుని తొడిగింది. జేబు కింద ఇస్త్రీ మాడిన గుర్తు గోధుమరంగులో కనిపిస్తోంది.

"నీ చిగుళ్ళు ఒక్కసారి చూస్తే చాలమ్మా, నువ్వు జన్మలో పొగ పీల్చలేదని ఎవరికైనా తెలిసిపోతుంది," అంది కూతురు.

"తెలిస్తే తెలియనీ. డాక్టరుగారు పక్కనే నిలబడతారు. నువ్వేం రాస్తావు, నిజమా, అబద్ధమా?"

 కూతురు నాలుక కొనతో పెదవి లోపల ఆ మచ్చని తడుముకుంటోందని తల్లికి తెలుస్తోంది. పిల్ల ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, నలభై రెండో గడిలో టిక్కు కొట్టి, ఎర్ర పెన్ను మూత పెట్టకుండానే కోటు జేబులో వేసుకుంది.

"పద," అంది.